తల యేల నెరయును?

కాకినాడలో ఏ క్షౌరశాలలోనైనను ఆదివారము ఉదయము అరగంటసేపు కూర్చున్నవారికి ఒక విషయము కనబడక మానదు. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి తల దూరము నుండి చూచినప్పుడు బూడిదరంగున నుండును. కత్తెర ఆడినకొలది నేలపై రాలెడి వెండ్రుకలను వంగి దగ్గరగా చూచినచో అందు బూడిదరంగు వెండ్రుకలు అరుదు. కొన్ని నల్లనివి, కొన్ని తెల్లనివి. నడుమ రంగు వెలసినవి ఏవో కొలదిగా నుండును. నువ్వులును బియ్యమును కలిపి చాపమీద చల్లినచో దూరమునకు అంతయు ఒకే బూడిదరంగుగా తోచును కదా! నెరసిన తల సంగతియు అట్టిదే. బూడిదరంగు మన కంటిలో ఏర్పడుచున్నది కాని వెండ్రుకలో లేదు.

ఇంకొక వింత గలదు. తెల్లని వెండ్రుకలో తెల్లరంగు అను పదార్థ మేదియు లేదు. ఉప్పాడ ఒడ్డున నిలిచి చూచినచో కెరటము విరిగినచోట నురుగు పాలవలె తెల్లగా నుండును. ఆ నీటిని దోసిట పట్టినచో రంగు లేదు. నీటిలో చిక్కుకొనిన గాలిబుడగల అంచులపై వెలుతురు అన్ని దిక్కులకు చెదరుటచే నురుగు తెల్లగా కనబడుచున్నది. వెండ్రుక కూడ సహజముగ రంగులేని పదార్థము. దానిలోని సన్నని పోగులపైని, సందులపైని వెలుతురు చెదరి అది తెల్లగా కనబడును. కావున "వెండ్రుక ఎందుకు తెల్లబడినది?" అని అడుగుటకంటె, "ఇన్నాళ్ళు నల్లగా ఎట్లుండినది, ఆ నలుపు ఎవరు వేయుచుండిరి, ఇప్పుడెందుకు మానిరి?" అని అడుగుట సరియైన ప్రశ్న.

ఆ నలుపు పేరు మెలనిన్. వెండ్రుక చర్మములో నాటుకొనియున్న గుంటను రోమకూపమందురు. దాని అడుగున ఉల్లిగడ్డవలె ఉబ్బిన భాగము కలదు. మన కంటికి కనబడు వెండ్రుకయంతయు నిర్జీవము. కెరాటిన్ అను మాంసకృత్తుతో నిండిన మృతకణముల త్రాడు. సజీవమైనది ఆ అడుగుగడ్డ మాత్రమే. అచ్చట రెండు విధములైన కణములు పనిచేయుచుండును. ఒక రకము కణములు విభజనచెందుచు కెరాటిన్ నింపుకొని పైకి నెట్టబడుచుండును. రెండవ రకమైన వర్ణకణములు మెలనిన్ రేణువులను తయారుచేసి మొదటి రకము కణములకు అందించుచుండును.

ఉప్పాడలో జామ్‌దానీ చీర నేయువారు చీరను నేసిన తరువాత రంగు వేయరు. నూలుకు, పట్టుకు ముందే రంగు పట్టించి, ఆరబెట్టి, ఆ పైని మగ్గమెక్కింతురు. రోమకూపపు పనియు ఇంతే. పోగు తయారగుచున్నప్పుడే రంగు చేరవలెను. ఒకసారి పోగు చర్మము దాటి వెలుపలికి వచ్చిన పిదప శరీరము దానికి రంగు నెక్కింపనూ లేదు, ఉన్న రంగును తీసివేయనూ లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో తల నెరయుటను గూర్చి ప్రచారములోనున్న కథలలో సగము వాటంతట అవియే వీగిపోవును.

మెలనిన్ తయారగు విధము వంటయింటిలో చూడవచ్చును. అరటికాయనో వంకాయనో కోసి ముక్కలను గాలికి వదలినచో కొంతసేపటికి నల్లబడును. అందుకే ఇల్లాండ్రు వాటిని మజ్జిగనీళ్ళలో వేయుదురు. ఆ కాయలలోని ఒక ఎన్‌జైము గాలిలోని ఆక్సిజన్ సాయముతో కొన్ని పదార్థములను నల్లని వస్తువుగా మార్చుచున్నది. మన వర్ణకణములలో అదే కోవకు చెందిన ఎన్‌జైము కలదు. దాని పేరు టైరోసినేజ్. రెండింటి అణువులలోను రాగి పరమాణువులు కలవు. టైరోసినేజ్ మన ఆహారపు మాంసకృత్తులలో దొరకు టైరోసిన్ అను ఆమైనో ఆమ్లమును పట్టుకొని క్రమక్రమముగా మెలనిన్‌గా మార్చును. మెలనిన్‌లో నలుపు, గోధుమ వన్నెలనిచ్చునది ఒకటి, ఎరుపు, పసుపు వన్నెలనిచ్చునది మరొకటి. మనవారి తలలలో మొదటిదే మిక్కిలి హెచ్చు.

రాత్రికి రాత్రి తల నెరయుట అను కథను ఇచ్చట పరీక్షించి చూడవచ్చును. ఫ్రెంచి రాణి మేరీ ఆంటాయినెట్‌ను 1793లో శిరచ్ఛేదము చేసిరి. అంతకు ముందే భయశోకములచే ఆమె తల ఒక్క రాత్రిలో తెల్లబడినదని చెప్పుదురు. అట్టి కథలు మన పల్లెలలోను లేకపోలేదు. తల వెండ్రుక సుమారుగా నెలకు ఒక సెంటీమీటరు పెరుగును. మూడడుగుల జడ గల బాలిక జడకొస ఏడేండ్ల క్రిందట తయారైనదన్నమాట. ఈ రాత్రి ఎంత దుఃఖము కలిగినను, ఏడేండ్ల క్రిందట పోగులో చేరిన రంగు ఎచ్చటికి పోగలదు? రోమకూపములన్నియు ఈ క్షణముననే రంగు మానివేసినను మరుసటి నెలకు మొదళ్ళలో ఒక సెంటీమీటరు మాత్రమే తెల్లగా కనబడవలెను.

అయినను ఆ కథలన్నియు పూర్తిగా కల్పితములని త్రోసివేయనక్కరలేదు. పేనుకొరుకుడు అని మనవారు పిలుచు వ్యాధి యొకటి గలదు. ఇందు పేనుకు ఏ పాత్రయు లేదు. శరీరపు రక్షణకణములే పొరపాటున రోమకూపములపై దాడిచేయుటచే వెండ్రుకలు గుత్తులుగా రాలును. విశేషమేమనగా, ఈ దాడి సాధారణముగ రంగుగల వెండ్రుకలపైననే హెచ్చు. తెల్లనివి తరచుగా మిగిలిపోవును. అప్పటికే నలుపు తెలుపు కలిసియున్న తలలో ఈ వ్యాధి వేగముగ వ్యాపించినచో కొలది దినములలో నల్లనివి రాలిపోయి తెల్లనివి మిగులును. చూచువారికి తల హఠాత్తుగా నెరసినట్లే యుండును. నిజమునకు ఒక్క వెండ్రుకయు రంగు మారలేదు.

ఇక అసలు ప్రశ్న: వర్ణకణములు పని ఎందుకు మానుచున్నవి? దీనికి వెండ్రుక బ్రతుకు వరుసను తెలిసికొనవలెను. తలపై సుమారు లక్ష వెండ్రుకలు కలవు. ప్రతి వెండ్రుకయు రెండు నుండి ఆరు సంవత్సరములు పెరిగి, రెండు మూడు వారములలో ఎండిన తీగవలె మొదలు ముడుచుకొని, సుమారు మూడు నెలలు ఊరకుండి రాలిపోవును. పిమ్మట అదే రోమకూపమున క్రొత్త వెండ్రుక మొలచును. దినమునకు ఏబది నుండి వంద వెండ్రుకలు దువ్వెనకు వచ్చుట ఈ కారణముననే. ముడుచుకొను దశలో అడుగునగల వర్ణకణములు చాలవరకు నశించును. మరల క్రొత్త వెండ్రుకకు క్రొత్త వర్ణకణములు కావలెను.

గోదావరి డెల్టా రైతునకు ఈ ఏర్పాటును వేరుగా చెప్పనక్కరలేదు. సార్వా కోసినవాడు పండిన వడ్లన్నియు అమ్ముకొనడు. దాళ్వాకు విత్తనము గాదెలో ఉంచుకొనును. రోమకూపములో కొంత పైగా, చర్మము లోపలి ఉబ్బులో అట్టి విత్తనపు నిల్వ కలదు. వాటిని వర్ణ మూలకణములందురు. ఒక్కొక్క పంటకు ఈ మూలకణములలో కొన్ని విభజనచెంది, సంతతిని అడుగుకు పంపును. ఆ సంతతి పక్వమై రంగు తయారుచేయును. నిల్వలోనివి నిల్వగానే యుండవలెను. 2005లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఎమి నిషిముర, డేవిడ్ ఫిషర్ మున్నగువారు ఎలుకలలోను, మానవుల తలచర్మములోను ఈ నిల్వలను పరిశీలించి, వయస్సు పెరిగినకొలది మూలకణములు తరిగిపోవుచున్నవనియు, కొన్ని తమ స్థానములోనే ఉండి అకాలముగ పక్వమై రంగు చేయ నారంభించుచున్నవనియు కనుగొనిరి. గాదెలోనే వడ్లు మొలకెత్తినట్లు! అట్టి గింజ పొలమునకు పనికిరాదు.

2023లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున మయూమి ఇటో బృందము ఎలుకలపై చేసిన పరిశోధనలో మరియొక చిక్కు బయటపడినది. ఈ మూలకణములు ఒకచోట కదలక కూర్చుండునవి కావట. ఉబ్బునకును, క్రొత్త వెండ్రుక మొలచు చోటునకును నడుమ రాకపోకలు సాగించుచుండును. ఒకచోట కొంత పక్వమగును, మరొకచోట తిరిగి పసిదనము పొందును. వెండ్రుకలను మాటిమాటికి పెరికి ఎలుకల రోమకూపములకు కృత్రిమముగ ముదిమి తెచ్చినప్పుడు, మూలకణములు ఉబ్బులోనే చిక్కుపడిపోయిన రోమకూపములు సుమారు 15 శాతము నుండి దాదాపు సగమునకు పెరిగినవి. అనగా విత్తనము గాదెలో నున్నది, కాని తలుపు తెరచుకొనుట లేదు. ఎలుకలో చూచినది మానవునిలోను ఇట్లే జరుగునో లేదో నిరూపింపబడవలసి యున్నది.

ఇచ్చట చురుకైన విద్యార్థి యొకడు లేచి, "తల నెరసిన తాతగారి చర్మము తెల్లబడలేదేమి? అందును మెలనిన్ ఉన్నది కదా!" అని అడుగవచ్చును. మంచి ప్రశ్న. చర్మములోని వర్ణకణములు వెండ్రుకవలె పంట పంటకు నశించి మరల మొలకెత్తవలసిన పనిలేదు. అవి దీర్ఘకాలము నిలిచి మెల్లగా పనిచేయుచుండును. రోమకూపపు వర్ణకణములది మగ్గము పని. ఏండ్ల తరబడి రాత్రింబగళ్ళు రంగు అందించుచు, పిమ్మట ఒక్కసారిగా నశించి, తిరిగి తొలినుండి ప్రారంభింపవలెను. అరుగుదల ఎచ్చట హెచ్చో తరుగుదలయు అచ్చటనే హెచ్చు.

అరుగుదల కొక రసాయన కారణము కూడ కలదు. టైరోసిన్‌ను మెలనిన్‌గా మార్చు పనిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉపఉత్పత్తిగా పుట్టుచుండును. యౌవనమున కాటలేజ్ అను ఎన్‌జైము దానిని నీరు, ఆక్సిజన్‌లుగా విడగొట్టివేయును. 2009లో ఐరోపా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, నెరసిన వెండ్రుకల మొదళ్ళలో కాటలేజ్ తగ్గిపోయి, హైడ్రోజన్ పెరాక్సైడ్ విశేషముగ పేరుకొనుచున్నది. అది టైరోసినేజ్‌ను కూడ దెబ్బతీయుచున్నది. దీనిని చూచి కొందరు "వెండ్రుక లోపలినుండియే తనను తాను చలువ చేసికొనుచున్నది" అని వ్రాసిరి. మాట చమత్కారముగ నున్నది కాని కొంచెము తొందరపాటు. పేరుకొనిన పెరాక్సైడు నెరయుటకు కారణమో, నెరయుటతో పాటు వచ్చిన మరియొక ఫలితమో ఆ ఒక్క పరిశోధనచే తేలలేదు.

ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపదగిన ప్రయోగమొకటి కలదు. క్షౌరశాల నుండి కొన్ని నల్లని వెండ్రుకలు తెచ్చి సబ్బుతో కడిగి, మందుల షాపులో దొరకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రవములో ముంచి ఉంచవలెను. మరికొన్నింటిని మంచినీటిలో ఉంచవలెను. పెరాక్సైడులోనివి క్రమముగ ఎర్రబారి రంగు వెలియుట కనబడును, నీటిలోనివి మారవు. పచ్చి బంగాళాదుంప ముక్కను అదే ద్రవములో వేసినచో బుసబుస పొంగును. అది దుంపలోని కాటలేజ్ చేయుపని. ద్రవము చేతికి, కంటికి తగులకుండ ఉపాధ్యాయుడే పోయవలెను.

"బెంగపెట్టుకొన్నచో తల నెరయును" అని పెద్దలందురు. ఇది వట్టిమాట యని చాలకాలము వైద్యులు కొట్టివేసిరి. 2020లో హార్వర్డు విశ్వవిద్యాలయమున యా-చియె షూ అను శాస్త్రజ్ఞురాలి బృందము నల్లని ఎలుకలను తీవ్రమైన ఒత్తిడికి గురిచేయగా వాటి రోమములు నిజముగనే తెల్లబడినవి. కారణమును వెదకిన విధము విద్యార్థులు గమనింపదగినది. తొలుత వారు రక్షణకణములను అనుమానించిరి. అవి లేని ఎలుకలును తెల్లబడినవి. పిమ్మట మూత్రపిండములపై గల ఎడ్రినల్ గ్రంథుల హార్మోనును అనుమానించిరి. ఆ గ్రంథులు తీసివేసినను తెల్లబడినవి. చివరకు చిక్కిన దొంగ ప్రతి రోమకూపమును చుట్టియున్న నరముల చివరలు. ఒత్తిడిలో అవి విడుదలచేయు నార్‌ఎడ్రినలిన్ తగిలి మూలకణములన్నియు ఒక్కుమ్మడిగా విభజనచెంది, పక్వమై, నిల్వ విడిచిపోవుచున్నవి. విత్తనపు వడ్లన్నియు ఒక్కనాడే చల్లివేసిన రైతు గతి యేమగును?

అయితే ఎలుకకు కలిగించిన ఒత్తిడి, పరీక్షలముందు విద్యార్థి పడు కంగారు ఒకటి కావు. మానవులలో జరిగిన పరిశీలన మరింత ఆశాజనకముగ నున్నది. 2021లో కొలంబియా విశ్వవిద్యాలయమున మార్టిన్ పికార్డు మున్నగువారు 14 మంది వెండ్రుకలను మొదలు నుండి కొసవరకు సన్నని ముక్కలుగా చిత్రించి రంగును కొలిచిరి. కొన్ని వెండ్రుకలు తెల్లబడి, మరల మొదటివైపు నల్లగా పెరిగినట్లు తేలినది. ఒకరి తలలోని అయిదు వెండ్రుకలు వారు సెలవులలో విశ్రాంతిగా గడపిన కాలముననే తిరిగి నలుపెక్కినవి. ఇది చదివి సెలవు పెట్టి కూర్చున్నచో నెరసిన తల నల్లబడునని అనుకొనరాదు. నెరయుటకు ఇప్పుడిప్పుడే గడప దాటిన వెండ్రుకలకే ఈ మరలిపోవు అవకాశము కలదనియు, ఏండ్ల క్రిందట నెరసినవి మరలవనియు ఆ పరిశోధకులే చెప్పిరి.

ఎవరికి ఎప్పుడు నెరయునను విషయమున వంశపారంపర్యము బలమైనది. 2016లో లాటిన్ అమెరికాకు చెందిన ఆరువేల మందికి పైగా ప్రజలను పరిశీలించి, ఐ.ఆర్.ఎఫ్.4 అను జన్యువునకును నెరయుటకును సంబంధమున్నట్లు గుర్తించిరి. జాతులనుబట్టి కూడ తేడా కలదు. సగటున ఐరోపావారికి ముప్పది అయిదు ప్రాంతమున, ఆసియావారికి ముప్పది అయిదు దాటి నలుబది లోపల, ఆఫ్రికావారికి నలుబది అయిదు ప్రాంతమున నెరయుట మొదలగును. "ఏబది యేండ్లకు సగము మందికి సగము తల నెరయును" అను లెక్క పాశ్చాత్య గ్రంథములలో ప్రచారములో నున్నది. 2012లో ప్రకటితమైన, వేలమందిని పరిశీలించిన అధ్యయనములో ఏబదియేండ్ల ప్రాయమున సగము తల నెరసినవారు జాతిని బట్టి 6 నుండి 23 శాతము మాత్రమే అని తేలినది. సాధారణముగ తొలి తెలుపు కణతల వద్ద కనబడును. కాళిదాసు రఘువంశమున ముదిమి నెరసిన వెండ్రుక రూపమున దశరథుని చెవి చెంతకు వచ్చినదని వర్ణించెను. కవి చూపు తప్పలేదు.

ఇంతవరకు చెప్పినది వయస్సుతో వచ్చు నెరపు. పాఠశాలలో ఉపాధ్యాయుని కంటబడునది వేరొకటి, బాలనెరుపు. పదునాలుగేండ్ల బాలుని తలలో పది తెల్లవెండ్రుకలు కనబడినచో తోటివారు "తాతా!" అని పిలుతురు. ఆ బాలుడు వెనుక బల్లకు చేరును. ఇంటిలోనివారు "వేడి చేసినది" అని ఒకరు, "టౌను నీళ్ళు పడలేదు" అని ఒకరు నిర్ణయింతురు. మనదేశమున ఇరువదియైదేండ్ల లోపల నెరయుటను అకాలపు నెరపుగా వైద్యులు లెక్కింతురు. చాలమందిలో ఇది తండ్రికో, మేనమామకో ఉండినదే. ఆరోగ్యమునకు ఏ హానియు లేదు. పొగత్రాగువారిలో నెరయుట త్వరపడుచున్నట్లు పలు పరిశీలనలు చెప్పుచున్నవి. కాని కొందరిలో ఇది లోపలి కొరతకు గుర్తు. ఆ కొరత కథలో గోదావరి తీరమున పుట్టిన ఒక శాస్త్రజ్ఞుని పేరు ముడివడి యున్నది.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. రాజమండ్రిలో కొంతకాలము చదివి, మద్రాసులో వైద్యవిద్య ముగించెను. సోదరులను సంగ్రహణి వ్యాధి బలిగొన్నది. తానును ఆ వ్యాధి పాలై డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకొనెను. మామగారు సమకూర్చిన ధనమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వాగ్దానము చేసిన సహాయమును ఆసరాగా ఆయన 1920 దశాబ్దమున అమెరికా చేరి హార్వర్డులో పరిశోధన సాగించెను.

ఆ కాలమున విటమినుల వేట ముమ్మరముగ నుండెను. 1930 దశాబ్దపు చివర, 1940 తొలి యేండ్లలో ఒక విచిత్రము పలువురి దృష్టి నాకర్షించినది. ఒకానొక బి-వర్గపు విటమిను లేని ఆహారము పెట్టినచో నల్లని ఎలుకల రోమములు నెరయుచున్నవి. ఆ విటమినును తిరిగి ఇచ్చినచో నల్లబడుచున్నవి. ఆ విటమిను పాంటోథెనిక్ ఆమ్లము. 1933లో రోజర్ విలియమ్సు దానికి ఆ పేరు పెట్టెను. గ్రీకు భాషలో "అన్నివైపులనుండి" అని అర్థము. 1939లో సుబ్బారావు, జార్జి హిచింగ్సు కలిసి ఎలుకల పోషణలో పాంటోథెనిక్ ఆమ్లపు పాత్రను గూర్చి పరిశోధన ప్రకటించిరి. (ఈ హిచింగ్సుకే 1988లో నోబెలు బహుమతి లభించినది.) కొలదికాలములో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లము కూడ ఎలుకల నెరపును మాన్పునని మరికొందరు చాటిరి. పత్రికలలో "నెరపు నివారిణి విటమిను" అను శీర్షికలు వెలసినవి. మానవులపై పరీక్షించిరి. ఫలితము నిరాశ. వయస్సుచే నెరసిన తలలు దాదాపు కదలలేదు.

ఎలుకలో ఫలించినది మానవునిలో ఏల ఫలింపలేదు? జవాబు ఆ విటమిను పేరులోనే యున్నది. అది అన్నిచోట్ల దొరకునది. తవుడు, పప్పులు, గుడ్లు, కూరలు, అన్నింట ఉన్నది. కావున మానవునికి దాని కొరత కలుగుట మిక్కిలి అరుదు. లేని కొరతను తీర్చుటచే ప్రయోజన మేమి? ఎలుకకు శాస్త్రజ్ఞుడు పనిగట్టుకొని కొరత కలిగించెను, పనిగట్టుకొని తీర్చెను. నేటికిని ఈ రెండు ఆమ్లములతో నిండిన బిళ్ళలు "నలుపు తెప్పించును" అను ప్రకటనలతో అమ్ముడగుచున్నవి. ఆ ఎలుకల ఋణము ఇంకను తీరలేదన్నమాట.

సుబ్బారావు 1940లో లెడర్లే సంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున అచ్చటి రసాయనజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిరి. ఆ అణువులో ఒక ముక్క పారా అమైనో బెంజోయిక్ ఆమ్లమే కావడము విశేషము. ఫోలిక్ ఆమ్లము ఏ సంగ్రహణి తన సోదరులను తీసికొనిపోయెనో ఆ వ్యాధిలోని రక్తహీనతకు మందైనది. 1948లో సుబ్బారావు మరణించెను. దానికి తోడైన బి12 విటమినును వేరుచేసినది ఆ సంవత్సరముననే.

బాలనెరుపు విషయమున ఎక్కువగా లెక్కకు వచ్చునది ఈ బి12. కణములు వేగముగ విభజనచెందుటకు ఫోలిక్ ఆమ్లము, బి12 రెండును అవసరము. శరీరమున మిక్కిలి వేగముగ విభజనచెందు కణములలో రక్తమజ్జ కణములు, రోమకూపపు కణములు ముఖ్యములు. బి12 కొరతతో రక్తహీనత కలిగిన రోగులలో తల అకాలముగ నెరయుటయు, చికిత్స తరువాత కొందరిలో నలుపు తిరిగి వచ్చుటయు వైద్యులు చూచిరి. బి12 శాకములలో లేదు. చేపలు, గుడ్లు, మాంసము, పాలు, పెరుగులలో కలదు. కోనసీమ కాలువగట్టున చేపలు తిను ఇంటిలో దీని కొరత అరుదు; పాలు పెరుగులు కూడ చాలినంత లేని శాకాహారపు ఇంటిలో అరుదు కాదు. కావున తల నెరసిన బాలుని ముఖము పాలిపోయి యున్నచో, మెట్లెక్కగనే ఆయాసపడుచున్నచో, అరికాళ్ళు తిమ్మిరులెక్కుచున్నచో, నాలుక నున్నబడి మండుచున్నచో, నూనె మార్చుట మాని రక్తపరీక్ష చేయింపవలెను. థైరాయిడ్ గ్రంథి లోపములును, ఇనుము కొరతయు అట్లే పరీక్షలో తేలును. ఈ లక్షణము లేవియు లేక, ఇంటిలో పెద్దలకు అట్టి నెరపు ఉండినచో, ఆ బాలునికి కావలసినది మందు కాదు. ఎగతాళిని ఆపగల ఉపాధ్యాయుడు.

పోషణకును వెండ్రుక రంగునకును గల సంబంధము మరియొక దారుణమైన చోటను కనబడును. మాంసకృత్తుల కరవుతో చిక్కిపోయిన పసిబిడ్డల వెండ్రుకలు ఎర్రబారి పలుచనగును. కొన్ని నెలలు తిండి దొరకి, కొన్ని నెలలు దొరకని బిడ్డ వెండ్రుకపై నలుపు, ఎరుపు పట్టీలు వరుసగా ఏర్పడును. వైద్యులు దీనిని జెండా గుర్తు అందురు. పట్టీలను కొలిచినచో ఆ ఇంటిలో ఏ నెలలలో పొయ్యి వెలగలేదో తెలియును.

ఇక గృహవైద్యము. కాలువగట్లపై, పొలముల తేమలో గుంటగలగర విరివిగా పెరుగును. దాని కాడను త్రుంచినచో రసము కొంతసేపటికి నల్లబడును. దీనిని చూచియే పూర్వులు ఇది తలకు నలుపునిచ్చునని తలచియుందురు. ఆ రసము కొంత అంటుకొనును. నూనె వెండ్రుకకు నిగారింపునిచ్చును. అంతవరకు నిజము. మూలకణములు ఖాళీయైన రోమకూపమునకు అది వాటిని తిరిగి తెచ్చునని నిరూపింపబడలేదు. "ఒకటి పెరికినచో ఏడు మొలచును" అనుట వట్టిది. ప్రతి రోమకూపము తన వెండ్రుకను తాను పెంచుకొనునే కాని పొరుగుదాని రంగును మార్చదు. పెరుకుటచే ఆ కూపము దెబ్బతినును, అంతే.

రంగు వేసికొనువారు తెలిసికొనవలసిన రసాయనశాస్త్రము కొంత కలదు. గోరంటాకులోని లాసోన్ అను పదార్థము కెరాటిన్‌కు గట్టిగా అంటుకొని నారింజ ఎరుపునిచ్చును. ఆ పైని నీలియాకు పొడి పట్టించినచో రెండు వన్నెలు కలిసి నలుపు తోచును. బజారులో "నల్లగోరింట" అని అమ్మువాటిలో చాలవరకు నలుపు గోరింటది కాదు. పారా ఫెనిలీన్ డయమిన్ అను రసాయనముది. ఇది కొందరికి పడదు. తల దురద, ముఖమువాపు, కంటిరెప్పలు మూసికొనిపోవుట జరుగును. పొరపాటున కడుపులోనికి పోయినచో ప్రాణాపాయము. పిల్లలకు అందనిచోట ఉంచవలసిన వస్తువు. తొలిసారి వేసికొనుటకు ముందు చెవి వెనుక కొంచెము పూసి 48 గంటలు వేచి చూడవలెను. ఒకసారి పడలేదని తెలిసినవారు మరల దాని జోలికి పోరాదు.

గోరింట పట్టించిన తలపై తరువాతి నెలలో ఒక గీత కనబడును. పైన ఎరుపు, మొదట తెలుపు. విద్యార్థులు తమ ఇంటి పెద్దల అనుమతితో ఆ తెల్లని భాగమును స్కేలుతో వారమువారము కొలిచి పుస్తకములో వ్రాసికొన్నచో, వెండ్రుక దినమునకు మిల్లీమీటరులో మూడవ వంతు చొప్పున పెరుగుట తమ చేతులతోనే తేల్చుకొనవచ్చును. తాతగారి తలలోను, మేనత్తగారి తలలోను ఆ లెక్క ఒక్కటేనా కాదా అనునది కూడ చూడదగినదే.